మాక్రో లెన్సు కొనే ముందు జానెడు దూరం కొలవండి

మా బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ ఉంది. బెంగళూరులో తెలుగువాళ్ళ బాల్కనీల్లో అది లేనిది తక్కువ. వానలు మొదలయ్యాక దాని లేత ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే చిన్న గొంగళి పురుగు చేరుతుంది. ఓపిగ్గా మూడు నాలుగు వారాలు చూస్తే అది ఆకుపచ్చగా మారి, ప్యూపా అయి, చివరికి కామన్ మార్మన్ అనే నల్లటి సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. ఆ పురుగు కోసమే నేను మొదటి మాక్రో లెన్సు, అంటే చిన్న ప్రాణుల్ని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్సు, కొన్నాను. పొట్టిది, తేలికైనది, చవక. పురుగు బాగానే వచ్చింది, ఎందుకంటే అది ఎక్కడికీ పోదు. తర్వాత అదే లెన్సు పట్టుకుని సర్జాపుర రోడ్డులోని కైకొండ్రహళ్ళి చెరువు గట్టుకు వెళ్ళాను. తూనీగ నిండుగా కనిపించాలంటే లెన్సు మూతిని దాని ముఖం దాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది. నా నీడ పడగానే అది లేచిపోయింది. ఆ ఉదయమంతా అదే జరిగింది.

లెన్సులో లోపం లేదు. నేను తీయాలనుకున్న ప్రాణికీ ఆ లెన్సుకీ పొత్తు కుదరలేదు, అంతే. కొనేటప్పుడు నేను పోల్చి చూసినవి ధర, బ్రాండు, షార్ప్‌నెస్. పురుగు నన్ను ఎంత దగ్గరికి రానిస్తుందన్నది లెక్కలోకే తీసుకోలేదు. మాక్రో లెన్సు ఎంపికలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే. అందుకే ఈ మార్గదర్శిలో లెన్సుల పేర్లు బాగా వెనక వస్తాయి.

మొదటి మెట్టు: ఏం తీస్తారో రాసుకోండి, కొలత వేసుకోండి

రెండు ఆదివారాలు లెన్సు సంగతి పక్కన పెట్టి తిరగండి. జేబులో చిన్న నోట్‌బుక్కు, పిల్లల కంపాస్ బాక్సులో ఉండే 15 సెంటీమీటర్ల స్కేలు చాలు. లాల్‌బాగ్ అయినా, జేపీ నగర్ పక్కన దొరెసానిపాళ్య అడవి అయినా, తురహళ్ళి అయినా, మీ అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ సైటులో లాంటానా పొదలైనా సరే. కనిపించిన ప్రతి ప్రాణికీ మూడు విషయాలు రాయండి: పొడవు ఎంత, ఎక్కడ కూర్చుంది, మీరు ఎంత దగ్గరికి వెళ్ళాక కదిలింది.

పురుగు పక్కన స్కేలు పెడితే అది ఎగిరిపోతుంది. పోనివ్వండి, అది కూర్చున్న ఆకు అక్కడే ఉంటుంది. ఆకులో ఎంత మేర ఆక్రమించిందో గుర్తుపెట్టుకుని ఆకును కొలవండి. పేరు తెలియకపోతే ఫోన్‌తో ఒక ఫొటో తీసి ప్రాణుల పేర్లు చెప్పుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి, తెలిసినవాళ్ళు చెబుతారు.

ఇలా రాసుకుంటే రెండు వారాల్లో మీ జాబితా ఏ వైపు మొగ్గుతోందో తెలుస్తుంది. జిల్లేడు మొక్కల చుట్టూ తిరిగే ప్లెయిన్ టైగర్ రెక్కలు చాపితే 7, 8 సెంటీమీటర్లు. చెరువు గట్టున సూదిలా సన్నగా ఉండే డామ్‌సెల్ తూనీగ 3, 4 సెంటీమీటర్లు. మామిడి చెట్టు మీద ఆకులు అతికి గూడు కట్టే ఎర్రచీమ సుమారు ఒక సెంటీమీటరు. గోడల మీద గెంతే సాలీడు దానికన్నా చిన్నది. గడ్డిలో నేలబారుగా తిరిగే గ్రాస్ జ్యుయెల్ సీతాకోకచిలుక రెక్కలు ముడిస్తే వేలిగోరు మీద పట్టేస్తుంది. వీటన్నిటినీ ఒకే లెన్సు ఒకే తీరుగా తీయలేదు. మీకు ఇష్టమైనవి ఏవో ఇక్కడే తేలాలి.

రెండో మెట్టు: ఐదు రూపాయల బిళ్ళతో లెక్క

మాక్రో లెన్సు మీద 1:1 అని రాసి ఉంటుంది. వస్తువు ఎంత ఉందో సెన్సారు (కెమెరాలో బింబం పడే పలక) మీద దాని బింబం కూడా అంతే పడుతుందని అర్థం. 1:2 అంటే సగం. 2:1 అంటే రెట్టింపు.

ఇది చేతితో పట్టుకుని చూడదగ్గ లెక్క. 2019 కన్నా ముందు వచ్చిన మన పాత ఐదు రూపాయల బిళ్ళ వ్యాసం 23 మిల్లీమీటర్లు. నికాన్, సోనీ, ఫూజీల్లో ఏపీఎస్-సీ అనే చిన్న రకం సెన్సారు వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, కేనన్‌ది దాదాపు 22.3. అంటే ఏపీఎస్-సీ కెమెరాలో 1:1 దగ్గర బిళ్ళ ఫొటో తీస్తే అది ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫ్రేమును నింపేస్తుంది. పైనా కిందా కొంత తెగుతుంది, ఎందుకంటే సెన్సారు ఎత్తు తక్కువ. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ అదే బిళ్ళ ఫ్రేము వెడల్పులో మూడింట రెండు వంతులే ఆక్రమిస్తుంది.

ఇప్పుడు నోట్‌బుక్కు తీయండి. పురుగు చుట్టూ కొంత ఖాళీ కలుపుకుని ఫ్రేములో ఎంత వెడల్పు కావాలో అనుకోండి. సెన్సారు వెడల్పును ఆ వెడల్పుతో భాగించండి. ప్లెయిన్ టైగర్‌కు 80 మిల్లీమీటర్లు కావాలి, 23.5ను 80తో భాగిస్తే 0.3 కూడా రాదు. పెద్ద సీతాకోకచిలుకలకు 1:1 అక్కర్లేదన్నమాట. 1:3, 1:4 దాకా వెళ్ళే టెలిఫొటో జూమ్ (దూరపు వాటిని దగ్గరగా చూపే లెన్సు) ఉంటే చాలు. ఎర్రచీమ ఫ్రేములో సగం ఉండాలంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 1:1 కన్నా కాస్త ఎక్కువ. గెంతే సాలీడు మొహంలో ఆ పెద్ద కళ్ళు రెండూ నిండుగా కావాలంటే 2:1 వైపు వెళ్ళాలి.

చాలామంది ఈ లెక్క వేయకుండా 2:1 లెన్సు వెంట పడతారు. తర్వాత తీసేవన్నీ సీతాకోకచిలుకలే అయితే ఆ అదనపు శక్తి వాడరు. సీతాకోకచిలుకలు, తూనీగలు, పూలు మీ జాబితాలో ముప్పాతిక వంతు ఉంటే 1:1 మీకు ధారాళంగా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. 70-300 లాంటి జూమ్‌ల మీద 'మాక్రో' అని రాసి ఉన్నా అవి 1:4 దగ్గరో, మహా అయితే 1:2 దగ్గరో ఆగిపోతాయి. పేరు వదిలేసి నిష్పత్తి చూడండి.

మూడో మెట్టు: బెత్తెడా, జానెడా, మూరెడా

లెన్సు వివరాల్లో కనిష్ఠ ఫోకస్ దూరం అని ఒక అంకె ఇస్తారు. 30 సెంటీమీటర్లు అని చూసి లెన్సుకూ పురుగుకూ మధ్య జానెడు కన్నా ఎక్కువ ఖాళీ ఉంటుందని అనుకుంటాం. ఆ కొలత సెన్సారు నుంచి మొదలవుతుంది. కెమెరా మందమూ, లెన్సు పొడవూ అందులోనే కలిసి ఉంటాయి. మనకు కావాల్సింది లెన్సు మూతి నుంచి పురుగు దాకా ఉండే ఖాళీ. దాన్ని వర్కింగ్ డిస్టెన్స్ అంటారు. చాలా కంపెనీలు దాన్ని పెద్దగా చెప్పవు, కానీ మీరే లెక్క కట్టుకోవచ్చు.

కనిష్ఠ ఫోకస్ దూరంలోంచి లెన్సు పొడవు తీసేయండి. తర్వాత మౌంటు (కెమెరాకు లెన్సు తగిలే చోటు) నుంచి సెన్సారు దాకా ఉండే దూరం తీసేయండి. కేనన్ ఈఎఫ్‌కు అది 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌కు 46.5, కేనన్ ఆర్ఎఫ్‌కు 20, సోనీ ఈ మౌంటుకు 18, నికాన్ జెడ్‌కు 16. లెన్సు పేరులో ఉండే ఎంఎం అంకె దాని ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. ఉదాహరణకు కేనన్ ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8ఎల్ లెన్సు కనిష్ఠ దూరం 30 సెంటీమీటర్లు, పొడవు 12.3. 30లోంచి 12.3, 4.4 తీసేస్తే మిగిలేది 13 సెంటీమీటర్ల చిల్లర. లెన్సు హుడ్ తగిలిస్తే అదీ తగ్గుతుంది. ఫోకస్ చేసేటప్పుడు ముందుకు సాగే లెన్సులకు ఈ లెక్క కుదరదు. వాటిని చేత్తో కొలవాల్సిందే.

ఇదే లెక్క వేస్తే సోనీ 90కీ, నికాన్ జెడ్ 105కీ కూడా దాదాపు 13 సెంటీమీటర్లే వస్తుంది. నికాన్ 40 ఎంఎం డీఎక్స్ మైక్రో లాంటి పొట్టి లెన్సుల్లో 1:1 దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లే మిగులుతుంది. మరో చివర కేనన్ 180 ఎంఎం మాక్రోకు 24 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

మన కొలతల్లో చెప్పుకుంటే తేలిగ్గా గుర్తుంటుంది. 40, 50 ఎంఎం లెన్సులు బెత్తెడు దూరమైనా ఇవ్వవు, ఇస్తే అంతే. 90 నుంచి 105 వరకు ఉన్నవి బెత్తెడుకూ జానెడుకూ మధ్య. 150, 180 ఎంఎం లెన్సులు జానెడు. మూరెడు దూరం నుంచి తీయాలంటే టెలిఫొటో జూమ్ దారి పట్టాలి.

ఇప్పుడు చెరువు గట్టుకు వెళ్ళి ఖాళీ చెయ్యి చాపి చూడండి. పొద్దున్నే మంచులో తడిసి కూర్చున్న తూనీగ బెత్తెడు దూరం దాకా రానిస్తుంది. ఎండెక్కాక అదే తూనీగ మూరెడు దూరంలోనే లేచిపోతుంది. గెంతే సాలీడు విచిత్రమైనది, చాలాసార్లు అదే తిరిగి మన వైపు చూస్తుంది, లెన్సు మీదికి గెంతినా గెంతుతుంది. దానికి తక్కువ దూరం ఇబ్బంది కాదు. ఎర్రచీమల గూటి దగ్గర మాత్రం బెత్తెడు దూరంలో నిలబడితే చీమలు ముందు మీ మెడ మీదికి ఎక్కుతాయి. తురహళ్ళిలో, హెసరఘట్ట గడ్డి మైదానంలో పొదల్లోకి తల దూర్చే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: బెంగళూరు చుట్టుపక్కల పొదల్లో రక్తపింజర ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చోబోయే ముందు కర్రతో గడ్డి కదపండి. దూరం ఇచ్చే లెన్సు ఇక్కడ మీ భద్రత కూడా.

పొట్టి లెన్సుతో ఇంకో చిక్కు వెలుతురు. పురుగుకు మూడు సెంటీమీటర్ల దగ్గర లెన్సు మూతి ఉంటే పురుగు మీద పడాల్సిన కాంతిని లెన్సే ఆపేస్తుంది. ఫ్లాష్ వాడినా ఆ సందులోకి కాంతి దూరడం కష్టం.

అలాగని ఎంత పొడవైతే అంత మంచిదని కూడా కాదు. గుంటూరు నుంచి వచ్చి మారతహళ్ళిలో ఉంటున్న ఒక తమ్ముడు ఒకసారి ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో 150 ఎంఎం దొరికింది, జానెడు దూరం వస్తుందంట, తీసేసుకోమంటావా?" అన్నాడు. "కెమెరాకు తగిలించి పావుగంట కంటి దగ్గర ఎత్తి పట్టుకుని చూడు, తర్వాత చెప్పు" అన్నాను. స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) ఉన్న సిగ్మా 150 ఎంఎం లెన్సు ఒక్కటే కిలో దాటుతుంది. 100 ఎంఎం వర్గంలోవి చాలావరకు ఆరేడు వందల గ్రాములు. మాక్రోలో చేతులు కదిలితే ఫోకస్ పోతుంది, బ్లర్ కూడా కనిపిస్తుంది. పావుగంట తర్వాత అతనే వద్దన్నాడు. ట్రైపాడ్ వేసుకుని తెల్లవారుజామున కదలని పురుగుల్ని తీసేవాళ్ళకు అది గొప్ప లెన్సు. నడుస్తూ వెతుక్కుంటూ తీసేవాళ్ళకు బరువు.

ఫోకల్ లెంగ్త్ పెరిగితే వచ్చే ఇంకో లాభం వెనక దృశ్యం. పొడవైన లెన్సు వెనక భాగంలో తక్కువ మేరనే చూస్తుంది, కాబట్టి చెత్తకుప్పనో తీగనో తప్పించడానికి అర అడుగు పక్కకు జరిగితే చాలు. ఫోకస్ లోతు మాత్రం 50 ఎంఎం అయినా 180 అయినా ఒకే మాగ్నిఫికేషన్ (1:1 లాంటి నిష్పత్తి) దగ్గర, ఒకే ఎపర్చర్‌లో (లెన్సులో కాంతి దూరే రంధ్రం, దాన్ని ఎఫ్ అంకెతో చెబుతారు) దాదాపు ఒక్కటే.

నాలుగో మెట్టు: డబ్బు పెట్టే ముందు ఉన్న లెన్సుతో

మీ దగ్గర 55-250 లేదా 70-300 జూమ్ ఉందా? అయితే మాక్రో లెన్సు కొనే ముందు రేనాక్స్ క్లోజప్ అద్దం ఒకటి వాడి చూడండి. క్లిప్పులా లెన్సు ముందు తగిలించేదే. డీసీఆర్-150 శక్తి 4.8 డయాప్టర్లు, డీసీఆర్-250ది 8. లెన్సును అనంతానికి (చాలా దూరంలో ఉన్నవాటికి) ఫోకస్ చేసి ఉంచితే మాగ్నిఫికేషన్ ఎంతో లెక్క సులువు: ఫోకల్ లెంగ్త్‌ను డయాప్టర్లతో గుణించి 1000తో భాగించాలి. 250 ఎంఎం దగ్గర డీసీఆర్-150 పెడితే 1.2, డీసీఆర్-250 పెడితే 2. దూరం కూడా లెక్కకు అందుతుంది: 1000ని డయాప్టర్లతో భాగిస్తే మిల్లీమీటర్లలో వస్తుంది, మొదటిదానికి సుమారు 21 సెంటీమీటర్లు, రెండోదానికి 12.5.

చూశారా, ఇంట్లో ఉన్న జూమ్‌కు ఒక చిన్న అద్దం తగిలిస్తే 1:1 దాటి, జానెడు దూరంతో వచ్చేసింది. లోపాలూ ఉన్నాయి. ఒక ఇరుకైన దూరంలో తప్ప ఫోకస్ కుదరదు, అంచులు మెత్తబడతాయి, దూరంగా ఉన్నదాన్ని తీయాలంటే అద్దం ఊడదీయాలి. అయినా ఆరు నెలలు దీంతో తిరిగితే మీకు నిజంగా ఏ దూరం, ఏ మాగ్నిఫికేషన్ కావాలో ఏ దుకాణదారూ చెప్పలేనంత బాగా తెలుస్తుంది. నా మట్టుకు నేను కొత్తవాళ్ళందరికీ ముందు ఇదే చెబుతాను.

50 ఎంఎం లెన్సు మాత్రమే ఉన్నవాళ్ళకు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. ఇవి అద్దం లేని ఖాళీ గొట్టాలు, కెమెరాకూ లెన్సుకూ మధ్య తగిలించాలి. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్ పెరుగుతుందో వస్తుంది: 50 ఎంఎంకు 25 మిల్లీమీటర్ల ట్యూబు వేస్తే 0.5 పెరుగుతుంది. పనితనం బాగుంటుంది, దూరం మాత్రం బాగా తగ్గిపోతుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి. లేకపోతే చాలా లెన్సుల్లో ఎపర్చర్ మార్చలేరు. లెన్సును తిరగేసి తగిలించే రివర్స్ రింగు కూడా ఉంది, బాల్కనీ ప్రయోగాలకు సరే, కానీ లెన్సు వెనక అద్దం దుమ్ముకు తెరుచుకుని ఉంటుంది. తురహళ్ళి ఎర్రమట్టిలో దాన్ని వాడొద్దు.

ఐదో మెట్టు: లెన్సు డబ్బులో ఫ్లాష్‌కు వాటా

ఇది చాలామంది దాటేసే మెట్టు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

ఫుల్ ఫ్రేమ్‌లో 1:1 దగ్గర ఎఫ్/2.8లో తీస్తే స్పష్టంగా కనిపించే మందం మిల్లీమీటరులో మూడో వంతు. తూనీగ కన్ను ముందు భాగం ఫోకస్‌లో ఉంటే వెనక భాగం ఉండదు. ఎఫ్/11కు వెళితే ఆ మందం సుమారు 1.3 మిల్లీమీటర్లు అవుతుంది. పురుగులు తీసేటప్పుడు ఎఫ్/8 నుంచి ఎఫ్/16 మధ్యే తిరుగుతాం, ఆపైకి వెళితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వెళ్ళే కాంతి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. దీన్నిబట్టి లెన్సు ఎఫ్/2.8దా, ఎఫ్/3.5దా అన్న తేడాకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని తెలుస్తుంది.

దగ్గరికి వెళ్ళేకొద్దీ వెలుతురు కూడా తగ్గుతుంది. 1:1 దగ్గర దాదాపు రెండు స్టాపులు పోతాయి (ఒక స్టాపు పోవడమంటే వెలుతురు సగం కావడం). నికాన్ కెమెరాలో లెన్సును దగ్గరికి ఫోకస్ చేస్తుంటే ఎఫ్ అంకె దానంతట అదే పెరుగుతూ కనిపిస్తే కంగారు పడకండి, ఆ తగ్గిన వెలుతురునే అది చూపిస్తోంది. ఎఫ్/11, పైగా రెండు స్టాపుల నష్టం, దాని మీద బెంగళూరు జూలై ఆగస్టు మబ్బు. కదిలే పురుగును ఆపగల షట్టర్ వేగం రాదు. లెన్సులోని స్టెబిలైజర్ మన చేతి వణుకునే తగ్గిస్తుంది, గాలికి ఊగే గడ్డిపోచను ఆపలేదు. 1:1 దగ్గర దాని బలం కూడా బాగా పడిపోతుంది.

అందుకే ఫ్లాష్. లెన్సు కోసం దాచిన డబ్బులో కనీసం ఐదో వంతు ఫ్లాష్‌కూ, దాని కాంతిని మెత్తగా పరిచే తెర అయిన డిఫ్యూజర్‌కూ పక్కన పెట్టండి. ఖరీదైన లెన్సు, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో కన్నా సెకండ్ హ్యాండ్ లెన్సు, మంచి డిఫ్యూజర్‌తో తీసిన ఫొటో నూటికి తొంభైసార్లు బాగుంటుందని నా అనుభవం. డిఫ్యూజర్ ఇంట్లోనే చేసుకోవచ్చు. టీవీ పెట్టెలోనో ఫ్రిజ్ పెట్టెలోనో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటును వంపు తిప్పి ఫ్లాష్ ముందు లెన్సు మూతి దాకా వచ్చేలా కడితే చాలు. పేడపురుగు వీపు, కందిరీగ పొట్ట లాంటి మెరిసే ఒంటి మీద తెల్లటి చుక్కలా పడే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది.

ఇక్కడ లెన్సు ఎంపికకు సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటి ఉంది. డిఫ్యూజర్ పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే కాంతి అంత మెత్తగా ఉంటుంది. 180 ఎంఎంతో జానెడు వెనక్కి వెళితే అదే డిఫ్యూజర్ పురుగు కంటికి చిన్నదైపోతుంది, నీడలు గట్టిపడతాయి. 40 ఎంఎం అయితే కాంతి లోపలికే రాదు. 90 నుంచి 105 వరకు ఉన్న లెన్సులు పురుగుల ఫొటోగ్రఫీలో ఇంతగా పాతుకుపోవడానికి ఇదొక పెద్ద కారణం. దూరం, బరువు, కాంతి మూడూ అక్కడ సర్దుకుంటాయి.

ఆరో మెట్టు: మీ కెమెరాకు ఏవి దొరుకుతాయి

కేనన్ వాళ్ళకు 2009లో వచ్చిన ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8ఎల్ ఇప్పటికీ గట్టి ఎంపిక. కేనన్ సొంత అడాప్టర్‌తో ఆర్ కెమెరాల మీద కూడా ఆటోఫోకస్‌తో చక్కగా పనిచేస్తుంది. దానికన్నా పాతదైన, స్టెబిలైజర్ లేని 100 ఎంఎం ఎఫ్/2.8 కూడా 1:1దే, ఫ్లాష్ వాడేవాళ్ళకు ఆ లోటు పెద్దగా తెలియదు. 2021లో వచ్చిన ఆర్ఎఫ్ 100 అయితే 1.4 దాకా వెళుతుంది. ఆర్ఎఫ్ 85 ఎఫ్/2, ఆర్ఎఫ్ 35 ఎఫ్/1.8 మీద కూడా మాక్రో అనే ఉంటుంది గానీ అవి 1:2 దగ్గర ఆగుతాయి.

నికాన్ తన మాక్రో లెన్సుల్ని 'మైక్రో' అంటుంది, వెతికేటప్పుడు ఆ పేరుతో వెతకండి. ఏఎఫ్-ఎస్ 105 ఎంఎం వీఆర్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోదగ్గది, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ కెమెరాల మీద కూడా ఆటోఫోకస్ వస్తుంది. పాత ఏఎఫ్-డీ లెన్సులు చవగ్గా దొరుకుతాయి, కానీ వాటిలో మోటారు ఉండదు. డీ3000, డీ5000 వరుస కెమెరాల మీద, ఎఫ్‌టీజెడ్ మీద అవి చేత్తో ఫోకస్ చేయాల్సినవే. కొత్తగా కొనేవాళ్ళకు జెడ్ ఎంసీ 105 ఉంది.

సోనీలో 90 ఎంఎం జీ, లేదా సిగ్మా 105 డీజీ డీఎన్. సిగ్మాలో స్టెబిలైజర్ లేదు, మీ బాడీలో ఉంటే దాన్ని వాడుకుంటుంది. టామ్రాన్ 2024లో తెచ్చిన 90 ఎంఎం సోనీ ఈ, నికాన్ జెడ్ రెండిటికీ దొరుకుతుంది. ఫూజీలో 80 ఎంఎం 1:1, 60 ఎంఎం మాత్రం సగమే. మైక్రో ఫోర్ థర్డ్స్ (ఏపీఎస్-సీ కన్నా చిన్న సెన్సారు) కెమెరాల వాళ్ళకు ఒలింపస్ 60 ఎంఎం ఎఫ్/2.8 ఉంది. ఆ సెన్సారు వెడల్పు 17.3 మిల్లీమీటర్లే కాబట్టి 1:1 దగ్గర ఇంకా చిన్న పురుగు ఫ్రేమ్ నింపుతుంది. లెన్సు బరువు 200 గ్రాములు కూడా లేదు. రోజంతా నడిచేవాళ్ళు దీన్ని తప్పక చూడాలి.

2:1 కావాలన్నవాళ్ళకు లావోవా 100 ఎంఎం. ఆటోఫోకస్ లేదు. అది పెద్ద నష్టం కాదు, ఎందుకంటే 1:1 దాటాక ఎలాగూ ఫోకస్ రింగు ఒకచోట ఆపి, శరీరాన్నే మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతూ తీస్తాం. కేనన్ ఎంపీ-ఈ 65 ఒకటి నుంచి ఐదు రెట్ల వరకు వెళుతుంది గానీ దూరంగా ఉన్నదాన్ని అసలు ఫోకస్ చేయలేదు. మొదటి లెన్సుగా అది వద్దు.

ఏడో మెట్టు: రెండు రోజులు అద్దెకు తెచ్చి చూడండి

బెంగళూరులో ఉండడం వల్ల మనకున్న పెద్ద సదుపాయం ఇది. లెన్సులు రోజుకింత అని అద్దెకిచ్చేవాళ్ళు ఊరంతా ఉన్నారు. శనివారం ఉదయం చెరువు గట్టు, సాయంత్రం బాల్కనీ, ఆదివారం లాల్‌బాగ్. గేటు దగ్గర కెమెరా అనుమతి, రుసుము గురించి ముందే అడగండి. మొదటి మెట్టులో రాసుకున్న జాబితాలో కనీసం ఐదింటిని ఈ లెన్సుతో తీయండి. బన్నేరుఘట్ట బటర్‌ఫ్లై పార్కుకు వెళ్ళేవాళ్ళు ఏసీ కారులోంచి దిగగానే లెన్సు బయటికి తీయకండి. గుమ్మటం లోపల తేమ ఎక్కువ, అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే కాసేపు ఉంచి తీయండి.

సెకండ్ హ్యాండ్ కొంటే పగటిపూట, మీ కెమెరా తీసుకునే వెళ్ళండి. ఒకసారి నేను సాయంత్రం ట్యూబులైటు కింద చూసి కొన్న లెన్సులో ఇంటికొచ్చాక సాలెగూడు లాంటి సన్నటి పోగులు కనిపించాయి. అది ఫంగస్. అప్పటి నుంచి ఫోన్ టార్చిని లెన్సు వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తాను. ఎపర్చర్ రేకుల మీద నూనె ఉందేమో, ఎఫ్/16లో అవి చప్పున మూసుకుంటున్నాయేమో చూడండి. గోడకు న్యూస్‌పేపర్ అంటించి నిటారుగా ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పోల్చండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపల అద్దం పక్కకు జరిగి ఉండొచ్చు. ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే ఫోకస్ లిమిటర్ మీట పనిచేస్తోందా? స్టెబిలైజర్ ఆన్ చేస్తే గరగరమంటోందా? చివరిగా జేబులోంచి పాత ఐదు రూపాయల బిళ్ళ తీసి 1:1 దగ్గర అది ఫ్రేములో రెండో మెట్టులో చెప్పినంత మేర వస్తోందో లేదో చూడండి.

కొన్నాక

తోలు సంచిలోనో బీరువాలో బట్టల మధ్యో లెన్సు దాచొద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంచండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. చెన్నై, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళకు తీసుకెళ్ళినప్పుడు ఈ డబ్బా కూడా వెంట ఉండాలి.

ఫొటో కోసం పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చడం, జిగురుతో అతికించడం చేసేవాళ్ళున్నారు. దయచేసి ఆ దారి తొక్కకండి. తెల్లవారుజామున ఐదున్నరకు లేస్తే చాలు, మంచు, చలీ ఆ పని చేసి పెడతాయి.

మొదటి నెల కరివేపాకు కుండీ దగ్గరే సాధన చేయండి. ఆ తర్వాత ఆరుద్ర కార్తెలో అనంతపురమో కర్నూలో ఇంటికి వెళ్ళినప్పుడు తొలకరి పడిన మర్నాడు ఎర్రమట్టి చేల గట్ల మీద చూడండి. చిన్నప్పుడు అరచేతిలో పెట్టుకుని ఆడుకున్న ఆరుద్ర పురుగు సుమారు సెంటీమీటరు ఉంటుంది, మెల్లగా నడుస్తుంది, 1:1కు సరిగ్గా సరిపోతుంది. మోచేతులు నేలకు ఆనించి దాని ఎత్తుకు దిగండి. ఎఫ్/11 పెట్టి, డిఫ్యూజర్ కట్టిన ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి పక్కన పట్టుకోండి. కాంతి అడ్డంగా పడితేనే ఆ ఎర్రటి మఖమల్ వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి.